ఎక్కడం సరే, దిగడం చూపించు

ఓజ్బే ముసలాయనకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ వస్తువు కొనాలన్నా ముందు అది పల్లంలోకి ఎలా దిగుతుందో చూడాలి. చూస్తేగాని ఆయన చెయ్యి జేబులోకి పోదు. అమ్మేవాడు దాని బలం గురించి, అందం గురించి, అది ఎక్కిన కొండల గురించి గంటసేపు చెప్పనీ, ఆయన తల ఊపుతూ వింటాడు. అంతా విని టోపీ వెనక్కి నెట్టి, "ఎక్కడం సరేనయ్యా, దిగడం చూపించు" అంటాడు.

ట్రాక్టరైతే అర్థముంది. కొండవాలు మీద ద్రాక్షతోట ఉన్న మనిషి అడగాల్సిన మాటే. కానీ మనవరాలు పుట్టినప్పుడు పట్నంలో పిల్లల తోపుడుబండి కొనడానికి వెళ్లి కూడా ఇదే మాట అన్నాడు. షాపులో వాలు లేదంటే, బండిలో రెండు బంగాళాదుంపల బస్తాలు వేసి కోట దగ్గర ఏటవాలు రాళ్ల వీధిలోకి తీసుకెళ్లి వదిలేశాడు. బండి వెనక షాపు అమ్మాయి, ఆ అమ్మాయి వెనక ఓనరు, ఓనరు వెనక అల్లుడు జ్వోన్కో పరిగెత్తారు. ఓజ్బే మాత్రం పైన నిలబడి, "బాగానే దిగుతోంది, కట్టివ్వండి" అన్నాడు.

కొత్తగా వచ్చిన ఫాదరు ఒక ఆదివారం, మంచివాళ్ల ఆత్మ మెట్టు మెట్టుగా స్వర్గానికి ఎలా ఎక్కుతుందో కళ్లకు కట్టినట్టు చెబుతున్నాడు. చర్చిలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. వెనక బల్ల మీంచి ఓజ్బే గొంతు వినిపించింది. "ఎక్కడం సరే, ఫాదర్..."

మిగతాది ఎవరూ విననక్కర్లేకపోయింది. చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. జ్వోన్కో మాత్రం ముఖం ప్రార్థన పుస్తకంలో పెట్టేసుకున్నాడు. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది అతనికి.

జ్వోన్కో ఆ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు. ద్రావా నది పక్కన, బల్లపరుపు మైదానంలో పుట్టి పెరిగాడు. వాళ్ల ఊళ్లో గోళీ కింద పెడితే పెట్టినచోటే ఉంటుంది. అలాంటివాడు ఓజ్బే కూతురు మిల్కాని ప్రేమించి, ఆమె వెంట ఈ కొండల్లోకి వచ్చి పదకొండేళ్లయింది. పని రాక్షసుడు, మంచివాడు. అయితే మామగారు ఆ మాట అన్నప్పుడల్లా అందరికంటే ఎక్కువ సిగ్గుపడేవాడు. చాలామంది అది మామగారి గురించిన సిగ్గనుకునేవాళ్లు. నిజానికి తన గురించిన సిగ్గే ఎక్కువ.

ఎందుకో చెప్పాలంటే పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. అది అతనికి అత్తవారింట మొదటి ద్రాక్షకోత. ఆ ఆదివారం ఊరి ఫైర్ బ్రిగేడ్ వార్షికోత్సవం. బ్యాండు మేళంతో సహా ఊరంతా కింద చర్చి ముందు ఉంది. కొత్త అల్లుడు తానేం తక్కువవాణ్ణి కానని చూపించుకోవాలని, ఒక్కడే ట్రాలీ నిండా ద్రాక్ష నింపి ట్రాక్టరు ఎక్కాడు. అది పాతకాలపు బండి. బండి ఆపితేగాని గేరు మార్చడం కుదరదు. కొండపైన ఏ గేరు వేసుకుంటే కిందిదాకా అదే గేరు, మధ్యలో మీట ముట్టుకోకూడదు. ఆ సంగతి మైదానంవాడికి ఏం తెలుసు? సగం దారిలో బండి మరీ నత్తలా పోతోందనిపించి క్లచ్ తొక్కి మీట లాగాడు. గేరు బయటికి వచ్చింది. మళ్లీ లోపలికి పోలేదు. పెట్టె లోపల పళ్లు గరగరమన్నాయి తప్ప పట్టు దొరకలేదు. ఇక ఇంజనుకి, చక్రాలకి సంబంధం తెగిపోయింది. వెనకనుంచి ట్రాలీ తోస్తోంది. బ్రేకు మీద నిలబడినా ఆగని బండి, మలుపు దగ్గరున్న పొరుగావిడ త్రేజా గారి పందుల దొడ్డిలోకి గోడతో సహా దూసుకుపోయి ఆగింది.

అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. పందులైతే మూడురోజులు ద్రాక్ష తప్ప ఇంకేం ముట్టలేదు. ఓజ్బే అక్కడికి ఎలా వచ్చాడో, ఎక్కడినుంచి వచ్చాడో జ్వోన్కోకి ఇప్పటికీ సరిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒకటే. ముసలాయన అతణ్ణి రెక్క పట్టుకుని సీటు మీంచి దింపి, తాను ఎక్కి కూర్చుని, జనం వచ్చేసరికి, "నేనే తోలాను. వయసైపోయింది, చెయ్యి తప్పింది" అన్నాడు.

జ్వోన్కో నోరు విప్పలేదు. రేపు చెబుదామనుకున్నాడు. రేపు కాస్తా వారమైంది, వారం పదకొండేళ్లయింది. ఆ తర్వాత ఆ దారిలో బండిని కిందికి తోలడం మామగారి పని, ఖాళీ బండిని పైకి తేవడం అల్లుడి పని అని ఎవరూ చెప్పకుండానే స్థిరపడిపోయింది. సరిగ్గా ఆ సంఘటన జరిగిన నెలకే ఓజ్బేకి ఈ 'దిగడం' పిచ్చి పట్టుకుంది. నలుగురిలో ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ తనకి చురక పెడుతున్నాడనుకున్నాడు జ్వోన్కో. ఇంట్లో ఒక్కమాట అనని మనిషి, బజార్లో మాత్రం ఇలా సూదితో పొడుస్తున్నాడని లోలోపల కుమిలిపోయేవాడు. పోనీ ఎదురు చెబుదామంటే ముఖం చెల్లదు.

ఇలా ఉండగా ఈ ఏడాది ఆ పాత ట్రాక్టరు గేరుపెట్టెలో పళ్లు విరిగి మూలపడింది. కోతకి మూడు వారాలే ఉంది. బండి లేకపోతే పంటంతా తీగల మీదే ఎండిపోతుంది. శనివారం ద్రావా మైదానంలో పాత ట్రాక్టర్ల సంత ఉంది. అది జ్వోన్కో పుట్టిన ఊరికి కూతవేటు దూరం. తనతో చదువుకున్నవాళ్లు సగంమంది అక్కడే ఉంటారు. ఆ సంగతి తలుచుకుంటేనే అతనికి చెమటలు పట్టాయి.

"నాన్నా, ఇవాళ ఒక్కరోజు నోరు కట్టేసుకో" అంది మిల్కా, తండ్రి కోటు బొత్తాలు పెడుతూ. "రోజూ బండితో పనిచేసేది నీ అల్లుడు. ఆయనకి నచ్చింది కొననీ."

"నేనేమంటానమ్మా? గోడకి చేరేసిన చీపురులా నిలబడతాను."

"ఆ మాట అననని ఒట్టెయ్యి."

"ఏ మాట?"

"నాన్నా!"

"చెవి సరిగా వినపడటం లేదే తల్లీ" అన్నాడు ఓజ్బే. పాపం, మొన్న గురువారమే చెవి డాక్టరుని చూసొస్తానని బస్సెక్కి పట్నం వెళ్లి సాయంత్రానికి వచ్చాడు. డాక్టరు ఏమన్నాడని అడిగితే, వాతావరణం బాగుందన్నాడని చెప్పాడు.

పందిపిల్లలు కొనాలని త్రేజా కూడా వాళ్ల వ్యాను ఎక్కింది. దారి పొడుగునా జ్వోన్కో మామగారిని బతిమాలుతూనే ఉన్నాడు. "మామయ్యా, అక్కడంతా నావాళ్లు. మీకు దణ్ణం పెడతాను." ముసలాయన కిటికీలోంచి చూస్తూ, "ఎంత బల్లపరుపుగా ఉందమ్మా ఈ నేల! వీళ్ల కోడిగుడ్లు దొర్లనే దొర్లవనుకుంటా" అని త్రేజాతో అన్నాడు.

సంతలో ట్రాక్టర్లు అమ్మేది కార్లి. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. జ్వోన్కోని చూడగానే ఎర్రటి ట్రాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు.

"ఇది చూడు బ్రదర్! మామూలు గేర్లకి తోడు ఇదుగో, ఈ చిన్న మీట. క్లచ్ తొక్కే పనే లేదు. పైకి అంటే వేగం, కిందికి అంటే బలం. టక్! టక్! నడుస్తూనే మారిపోతుంది. ఆపక్కర్లేదు, గరగర లేదు, కుస్తీ లేదు."

'గరగర లేదు' అన్న మాటకి జ్వోన్కో ప్రాణం లేచొచ్చింది. పదకొండేళ్లుగా కలలో వినపడే చప్పుడది. సీటెక్కి కూర్చుని మీటని టక్, టక్ అనిపించాడు. అప్పటికే చుట్టూ నలుగురు పోగయ్యారు. అందులో ఇద్దరు అతని చిన్ననాటి స్నేహితులు.

"తిరుగులేని బండి" అన్నాడు కార్లి. "ఎంత నిట్టనిలువు కొండైనా..."

"ఎక్కడం సరేనయ్యా" అన్నాడు వెనకనుంచి ఓజ్బే. "దిగడం చూపించు."

జ్వోన్కో కళ్లు మూసుకున్నాడు.

"దిగడానికేముంది తాతా? దిగుతుంది."

"ఎలా?"

"కిందికే దిగుతుంది!"

జనం గొల్లుమన్నారు. ఓజ్బే కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు. "ముసలివాణ్ణి, తెలియక అడుగుతున్నాను. ఆ చిన్న మీట 'బలం' వైపు పెట్టి, వెనక టన్ను సరుకుతో పల్లంలోకి దిగితే, ఇంజను బండిని పట్టుకుంటుందా?"

కార్లి దగ్గాడు. "అంటే... అప్పుడు మీట 'వేగం' వైపు పెట్టుకోవాలి తాతా."

"బలం వైపు పెడితే?"

"పట్టుకోదు. ఆ వైపు పెడితే లాగడానికే తప్ప ఆపడానికి పనికిరాదు. బండి ఇంజనుకంటే ముందు పోతానంటే పోనిస్తుంది."

"నాలాంటి తెలివితక్కువవాడు, పల్లం కదా బలం కావాలి కదా అని మీట ఆ వైపు లాగితే?"

"లాగితే... గట్టిగా బ్రేకు తొక్కాలి" అన్నాడు కార్లి, గొంతు తగ్గించి.

జ్వోన్కో మెల్లగా మీట మీంచి చెయ్యి తీసేశాడు. తానైతే సరిగ్గా అదే చేసి ఉండేవాడు. పల్లం రాగానే బలం వైపు లాగేవాడు. సీటు దిగి, టైరు చూస్తున్నట్టు వంగి, ప్రతి మాటా చెవులు రిక్కించి వింటూ, వింటున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు.

ఓజ్బే పక్కనున్న బూడిదరంగు బండి దగ్గరికి నడిచాడు. అచ్చం వాళ్ల పాత ట్రాక్టరుకి అన్నగారిలా ఉంది. "ఇదో?"

"ఇది మొండిఘటం. పల్లంలో ఇంజను గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఆపి గేరు వెయ్యాలి."

"దిగుతూ దిగుతూ మధ్యలో గేరు లాగితే?"

అయిపోయిందనుకున్నాడు జ్వోన్కో. ఇక్కడ, ఇంతమందిలో, ఆ కథే ఎత్తుతున్నాడు ఈయన!

"లాగితే బయటికొస్తుంది, లోపలికి పోదు."

"తోలడం చేతకానివాడికి పోదు అంటావు."

"ఎవడికైనా పోదు తాతా! నలభై ఏళ్లు తోలినవాడికైనా పోదు. ఆ పెట్టె తీరే అంత. తోలేవాడి తప్పు కాదు, ముందుగా చెప్పనివాడిది తప్పు."

"గట్టిగా చెప్పు బాబూ, చెవి వినపడదు. తోలేవాడిది...?"

"తప్పు కాదు!" అని అరిచాడు కార్లి. అరిచాక అతని ఓపిక అయిపోయింది. "ఏం మనిషివి తాతా నువ్వు! మొన్న గురువారం, సంత ఇంకా మొదలవకముందే వచ్చి, మధ్యాహ్నందాకా ఇవే ప్రశ్నలు అడిగావు, ఇవే జవాబులు చెప్పాను. నా మూడు బండ్లూ కాలువ గట్టు మీంచి నువ్వే తోలి దింపావు. నాకు తెలియని సంగతులు నాకే నేర్పి వెళ్లావు! మళ్లీ ఇవాళ ఏమీ ఎరగనట్టు నా ప్రాణం తీస్తావేంటి?"

ఓజ్బే టోపీ తీసి లోపలి గుడ్డని పరీక్షగా చూడసాగాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు.

"గురువారం చెవి డాక్టరు దగ్గరికన్నారు కదా మామయ్యా?" అన్నాడు జ్వోన్కో.

"వెళ్దామనే బయల్దేరాను. బస్సు ఇటొచ్చింది."

"అన్నీ తెలిసి, మళ్లీ ఇంతమందిలో ఎందుకు అడిగారు?"

ముసలాయన టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "నువ్వు అడగవు కదా అల్లుడూ" అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "నీకు మొహమాటం. నేను ఇంట్లో కూర్చోబెట్టి చెప్తే పాఠం చెబుతున్నాడనుకుంటావు, చిన్నబుచ్చుకుంటావు. అందుకని అడిగేవాడు ఒకడుండాలి కదా. నాకు సిగ్గులేదు, నేనడుగుతాను. నువ్వు పక్కనుంటావు, వింటావు. అంతే."

"మరి ఆ తోపుడుబండి? ఫాదరుగారి ప్రసంగం?"

"ట్రాక్టర్ల దగ్గర ఒక్కచోటే అంటే నీకు తెలిసిపోదూ? అన్నిచోట్లా అంటే ముసలాడికి పిచ్చి అనుకుంటారు. పిచ్చి అనుకుంటేనే సుఖం."

జ్వోన్కోకి తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్లుగా సూదిపోటు అనుకున్నది ఇదా! తనని సిగ్గుపడనివ్వకూడదని ఈ మనిషి సొంత పరువు మూటగట్టి, చర్చిలో, షాపుల్లో, సంతల్లో నవ్వేవాళ్లకి పంచిపెడుతూ వచ్చాడు. తానేమో ఆయన పక్కన నిలబడటానికి సిగ్గుపడ్డాడు. ఇంతకుముందు పడ్డ సిగ్గులన్నీ కలిపినా ఈ సిగ్గుకి సరిపోవు. దీన్ని మోయడం ఇక తనవల్ల కాదనిపించి, అటు తిరిగాడు. రొట్టెలో వేడి సాసేజ్ పెట్టుకుని తింటూ త్రేజా ఈ తమాషా అంతా చూస్తోంది.

"త్రేజా పిన్నీ" అన్నాడు జ్వోన్కో, చిన్ననాటి స్నేహితులు కూడా వినేటంత గట్టిగా. "మీ పందుల దొడ్డి కూల్చింది మామయ్య కాదు. నేను."

త్రేజా నమలడం ఆపలేదు. "ఇప్పటికా చెప్పేది?" అంది.

"మీకు తెలుసా?"

"ఊరందరికీ తెలుసు నాయనా. ఆ రోజు బ్రిగేడ్ బ్యాండులో పెద్ద ఇత్తడి బాకా ఊదుతున్నది ఎవరనుకున్నావు? మీ మామే. పాట మధ్యలో పైన ధనామని చప్పుడైంది, కింద బాకా ఆగిపోయింది. మేమంతా ఈయన వెనకే పరిగెత్తుకొచ్చాం. వచ్చి చూస్తే, ట్రాక్టరు మీద కూర్చుని నేనే తోలాను అంటున్నాడు. నెత్తిన బ్యాండు టోపీ. మెడలో బాకా!"

"బాకా... మెడలోనే ఉందా?"

"లేకపోతే? స్టీరింగుకీ ఈయనకీ మధ్య అది పట్టక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. అప్పటి ఫాదరుగారు ఆ వైపు చూసి, ఈ వైపు చూసి, సరేలే ఓజ్బే అన్నారు. మేమూ సరేలే అన్నాం."

"పదకొండేళ్లా!"

"ఆయన అంత కష్టపడి అబద్ధం ఆడితే కాదంటే బాగుంటుందా?" అంది త్రేజా, వేళ్లు తుడుచుకుంటూ.

ఓజ్బే అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "మీకెవరికీ తెలియదనే అనుకున్నానే" అన్నాడు. ఆయన మెడ దాకా ఎర్రబడింది. ఆయనకి సిగ్గనేది ఉందని లోకానికి తెలిసిన మొదటిరోజు అదే.

అందరి నవ్వులూ సద్దుమణిగాక జ్వోన్కో చుట్టూ చూశాడు. సంత చివర, వెలిసిపోయిన నీలం బండి ఒకటి ఎవరూ పట్టించుకోకుండా నిలబడి ఉంది. దాని ముందుకి వెళ్లి, "ఇదేంటి?" అని అడిగాడు.

"అదా? నడుస్తూనే గేరు పడుతుంది" అన్నాడు కార్లి. "పెట్టె లోపల రింగులుంటాయి. పళ్లని ముందు ఒకే వేగానికి తెచ్చి, అప్పుడు కలుపుతాయి. ఏ గేరులోనైనా ఇంజను పట్టుకుంటుంది. చూడటానికి అనాకారి. ఎక్కడంలో మాత్రం..."

ఆ మాట అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది జ్వోన్కోకి. "ఎక్కడం సరేనండీ" అన్నాడు. "దిగడం చూపించండి. కాదు కాదు, మీరు కాదు. నేనే దింపి చూస్తాను."

కాలువ గట్టు మీంచి మూడుసార్లు దిగాడు. రెండోసారి, ముసలాయన చెయ్యి ఊపి సైగ చేయగానే, సగం వాలులో గుండె చిక్కబట్టుకుని మీట లాగాడు. గేరు బయటికొచ్చింది. వెన్నలోకి కత్తి దిగినట్టు పక్క గేరులోకి దిగిపోయింది. ఎక్కడా గరగర లేదు. మడ్‌గార్డు మీద కూర్చుని ఇంజను చప్పుడు వింటున్న ఓజ్బే జేబులో చెయ్యి పెట్టాడు.

మూడు వారాలకి కోత వచ్చింది. మొదటి ట్రాలీ నిండగానే ఎప్పట్లా ఓజ్బే సీటు వైపు నడిచాడు. జ్వోన్కో అడ్డం నిలబడి, "నేను దింపుతాను మామయ్యా" అన్నాడు. ముసలాయన ఒక్కక్షణం చూసి, తలూపి, అడ్డదారిన గబగబా కొండ దిగిపోయాడు.

జ్వోన్కో పైనే గేరు వేసుకుని మెల్లగా బయల్దేరాడు. ట్రాలీ వెనకనుంచి తోస్తోంది, ఇంజను దాన్ని పట్టుకుంటోంది. సరిగ్గా మలుపు కనబడేసరికి కింద చర్చి మెట్ల మీంచి పెద్ద బాకా మొదలైంది. పాట కాదు, పల్లవి కాదు, ఒకటే మోత. లోయ అవతలి ఊళ్లో కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి. తోటల్లో కోస్తున్నవాళ్లంతా కత్తెరలు ఆపి తలలెత్తి చూశారు. ఓజ్బే కింద బాకా ఊదుతున్నాడు, కాబట్టి పైన బండి తోలేది ఓజ్బే కాదని ఈసారి ఊరందరూ సాక్షులే.

మలుపు దగ్గర త్రేజా నిలబడి చెయ్యూపింది. ఎందుకైనా మంచిదని పందులన్నిటినీ పొద్దున్నే దొడ్డిలోంచి తీసి తోటలో కట్టేసింది.

బండి చర్చి ముందుకొచ్చి ఆగాకనే బాకా ఆగింది. ఓజ్బే మొహం కందగడ్డలా ఉంది. ఊపిరి తిప్పుకోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకి. జ్వోన్కో ఇంజను ఆపి, సీటు మీంచే ఆయన ఏమంటాడా అని చూస్తున్నాడు.

"దిగడం సరే అల్లుడూ" అన్నాడు ఓజ్బే, బాకా మెడలోంచి తీస్తూ. "ఇక ఎక్కడం చూపించు. పైన ఇంకా నాలుగు ట్రాలీల సరుకుంది."